డీఎంఏతో పొడవు ముందే తెలియని సీరియల్ సందేశాలను అందుకోవడం ఎలా?

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ ప్రాంతాల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టులు చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థులూ, ఎలక్ట్రానిక్ కాంటాలకు, బోరు మోటారు స్టార్టర్లకు సొంతంగా బోర్డులు తయారుచేసేవారూ పదే పదే అడిగే ప్రశ్న ఒకటే. వచ్చే బైట్లను ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలోకి చేర్చే హార్డ్‌వేర్ డీఎంఏ; దాన్ని మొదలుపెట్టేటప్పుడు ఎన్ని బైట్లు తీసుకోవాలో ముందే చెప్పాలి. వచ్చే సందేశం ఎంత పొడవుంటుందో మాత్రం ముందుగా తెలియదు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాను తూచే కాంటా ఒకసారి ఐదక్షరాల బరువు పంపితే, మరోసారి మూడక్షరాలే పంపవచ్చు. జీఎస్‌ఎం మాడ్యూల్ ఒక ఆదేశానికి రెండక్షరాల్లో జవాబిచ్చి ఊరుకుంటుంది, మరో ఆదేశానికి ఎస్‌ఎంఎస్ మొత్తాన్నీ కుమ్మరిస్తుంది. అలాంటప్పుడు డీఎంఏకు ఏ సంఖ్య ఇవ్వాలి?

చాలామంది ఈ ప్రశ్నకు జవాబుగా ఐడిల్ ఇంటరప్ట్‌ను పట్టుకుంటారు. ఇంటరప్ట్ అంటే ప్రాసెసర్ చేస్తున్న పనిని ఆపి పిలిచే సంకేతం. తీగ మీద ఒక బైటు పట్టేంత సేపు ఏమీ రాకపోతే సీరియల్ విభాగం ఐడిల్ సంకేతం ఇస్తుంది. దాన్నే సందేశం ముగింపు అనుకుని ప్రోగ్రామ్ రాస్తారు. బల్ల మీద పరీక్షించినప్పుడు అది చక్కగా పనిచేస్తుంది, పొలానికో మార్కెట్‌కో తీసుకువెళ్లాక అప్పుడప్పుడూ సగం బరువులు, అతుక్కుపోయిన సందేశాలు కనబడతాయి. ఐడిల్ సంకేతానికి ఉన్న అర్థం "ఇప్పుడు బఫర్ చూడండి" అని మాత్రమే. బఫర్ అంటే డీఎంఏ బైట్లను చేర్చే మెమరీ భాగం. సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ సందేశంలోని బైట్లే చెప్పాలి. ఈ రెండు పనులనూ విడదీస్తే మిగతా వ్యవహారమంతా తేలికవుతుంది. కింద చెప్పే పద్ధతి ఆ విభజన మీదే నిలబడి ఉంది.

అవసరమయ్యేవి

ఇక్కడ ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 చిప్ ఉన్న బ్లూ పిల్ బోర్డును ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది అదే. దానితో పాటు ప్రోగ్రామ్ ఎక్కించడానికి ఎస్‌టీ-లింక్, కంప్యూటర్ నుంచి సందేశాలు పంపడానికి సీపీ2102 లేదా సీహెచ్340 ఉన్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్, ఎస్‌టీఎం32క్యూబ్‌ఐడీఈ, ఒక సీరియల్ టెర్మినల్ ప్రోగ్రామ్, మూడు జంపర్ తీగలు ఉంటే సరిపోతుంది. కాంటా వెనుక తొమ్మిది పిన్నుల కనెక్టర్ ఉండి అందులోంచి ఆర్‌ఎస్‌232 వస్తున్నట్లయితే మధ్యలో ఆ వోల్టేజీని చిప్ తట్టుకునే స్థాయికి మార్చే మ్యాక్స్3232 బోర్డు తప్పనిసరిగా ఉండాలి.

హెచ్చరిక: ఆర్‌ఎస్‌232 తీగ మీద వోల్టేజీ సున్నాకు పైకీ కిందికీ చాలా దూరం పోతుంది. ఆ తీగను నేరుగా మైక్రోకంట్రోలర్ పిన్నుకు కలిపితే పిన్ను పాడవుతుంది, ఒక్కోసారి చిప్పే పోతుంది. మీటరుతో కొలిచి చూసిన తరువాతే కలపండి.

పరీక్ష కోసం మనం వాడే సందేశం ఇలా ఉంటుంది: మొదట $ గుర్తు, తరువాత బరువు, తరువాత * గుర్తు, ఆపైన రెండంకెల చెక్‌సం, చివరన 13, 10 అనే రెండు వరుస ముగింపు బైట్లు. జీపీఎస్ మాడ్యూళ్లు పంపే వాక్యాల అమరిక కూడా ఇదే, కాబట్టి ఒకసారి రాసుకున్న ప్రోగ్రామ్ రెండింటికీ పనికొస్తుంది. చెక్‌సం అంటే $ కూ * కూ మధ్య ఉన్న బైట్లన్నిటినీ ఎక్స్‌ఆర్ చేయగా వచ్చిన విలువను పదహారు ఆధార సంఖ్యగా రాయడం. ఈ మూడింటినీ రాసి పెట్టుకోండి:

$48.65*21
$7.0*29
$1048.65*20

ముగింపు బైట్లతో కలిపి వీటి పొడవులు వరుసగా 11, 9, 13 బైట్లు. ఈ అంకెలు తరువాత పరీక్షకు పనికొస్తాయి.

1. తీగలు కలపండి

అడాప్టర్ పంపే పిన్నును బోర్డులోని పీఏ10కు, బోర్డులోని పీఏ9ను అడాప్టర్ అందుకునే పిన్నుకు, రెండింటి గ్రౌండ్‌లను ఒకదానికొకటి కలపండి. గ్రౌండ్ కలపకుండా "చెత్త అక్షరాలు వస్తున్నాయి" అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. అడాప్టర్‌పై జంపర్ ఉంటే 3.3 వోల్టుల వైపు పెట్టండి. పీఏ10 పిన్ను 5 వోల్టులను తట్టుకుంటుంది కానీ, రెండో సీరియల్ పోర్టు వాడే పీఏ3 తట్టుకోదు.

2. క్యూబ్‌ఎంఎక్స్ అమరికలు చేయండి

యూఎస్‌ఆర్ట్1ను అసింక్రనస్ మోడ్‌లో పెట్టి 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేకుండా, ఒక స్టాప్ బిట్ ఎంచుకోండి. డీఎంఏ పేజీలో యూఎస్‌ఆర్ట్1 ఆర్‌ఎక్స్‌ను చేర్చితే ఈ చిప్‌లో అది డీఎంఏ1 లోని 5వ ఛానల్‌కు వెళుతుంది. మోడ్‌ను సర్క్యులర్‌గా మార్చండి, అంటే బఫర్ చివరికి చేరాక డీఎంఏ తిరిగి మొదటి నుంచి రాస్తుంది. రెండు వైపులా వెడల్పు బైట్‌గానూ, మెమరీ చిరునామా పెరిగేలాగానూ ఉంచండి. యూఎస్‌ఆర్ట్1 గ్లోబల్ ఇంటరప్ట్‌ను కూడా తప్పక ఆన్ చేయండి, ఎందుకంటే ఐడిల్ సంకేతమూ లోపాల సంకేతాలూ వచ్చేది ఆ దారిలోనే. డీఎంఏ ఇంటరప్ట్ ఒక్కటే ఆన్ చేస్తే అవి రావు. పీఏ10కు పుల్-అప్ పెట్టండి, లేకపోతే తీగ ఊడిన క్షణంలో పిన్ను గాలిలో తేలుతూ లేని బైట్లను పుట్టిస్తుంది.

ప్రోగ్రామ్ తయారయ్యాక ప్రధాన ఫైలు తెరిచి, డీఎంఏను సిద్ధం చేసే ఫంక్షన్ సీరియల్ పోర్టును సిద్ధం చేసే ఫంక్షన్ కంటే ముందు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. వరుస తారుమారైతే కంపైలర్ ఏ తప్పూ చూపదు, ప్రోగ్రామ్ నడుస్తున్నట్టే ఉంటుంది, ఒక్క బైటు కూడా బఫర్‌లోకి రాదు.

3. బఫర్ ఎంత ఉండాలో లెక్క వేయండి

బఫర్ పరిమాణానికీ సందేశం పొడవుకూ నేరుగా సంబంధం లేదు. మీ ప్రధాన లూప్ అత్యధికంగా ఎంతసేపు బఫర్ వైపు చూడకుండా ఉంటుందో, ఆ సేపట్లో ఎన్ని బైట్లు రాగలవో దాన్ని బట్టి పరిమాణం ఉండాలి. 9600 బాడ్ అంటే సెకనుకు 9600 బిట్లు. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక్కో బైటుకు 10 బిట్లు కావాలి, అంటే సెకనుకు 960 బైట్లు వస్తాయి కాబట్టి 256 బైట్ల బఫర్ నిండడానికి సుమారు 267 మిల్లీసెకన్లు పడుతుంది. 115200 బాడ్ వద్ద అదే బఫర్ 22 మిల్లీసెకన్లలో నిండిపోతుంది.

ఇప్పుడు మీ ప్రాజెక్టులో 128 × 64 చుక్కల చిన్న ఓఎల్‌ఈడీ తెర ఉందనుకుందాం. పూర్తి తెరను మార్చాలంటే 1024 బైట్లు పంపాలి. తెరను బోర్డుకు కలిపే ఐ2సీ తీగల వేగం 100 కిలోహెర్ట్జ్ అయితే దానికే 92 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, 400 కిలోహెర్ట్జ్ అయినా 23 మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే 115200 బాడ్ వద్ద సందేశాలు ఆగకుండా వస్తుంటే, తెర మారేలోపు 256 బైట్ల బఫర్ పూర్తిగా తిరిగి పాత బైట్ల మీద కొత్తవి పడిపోతాయి. సర్క్యులర్ మోడ్‌లో ఇలా జరిగినప్పుడు హార్డ్‌వేర్ ఏ లోపాన్నీ చూపదు, బైట్లు మౌనంగా పోతాయి. మెమరీ కార్డులోకి రాసే సమయం ఇంకా ఎక్కువగా ఉండవచ్చు. ఈ చిప్‌లో 20 కిలోబైట్ల ర్యామ్ ఉంది. 1024 బైట్లు బఫర్‌కు కేటాయించడానికి వెనకాడవద్దు. మన ఉదాహరణలో 9600 బాడ్ కాబట్టి 256 బైట్లు చాలు.

బఫర్‌ను ఫంక్షన్ లోపల కాకుండా ఫైలు స్థాయిలో ప్రకటించండి. ఫంక్షన్ లోపల పెట్టిన బఫర్ ఆ ఫంక్షన్ ముగియగానే మరొకరి సొత్తవుతుంది. డీఎంఏకు ఆ సంగతి తెలియదు, అదే చోట రాస్తూ పోయి ఇతర వేరియబుళ్లను పాడుచేస్తుంది.

4. ఇంటరప్ట్ జోలికి పోకుండా ముందు లెక్కింపు రిజిస్టర్‌ను చూడండి

ప్రోగ్రామ్ మొదట్లో, చిప్ తయారీదారు ఇచ్చే హాల్ లైబ్రరీలోని హాల్_యూఆర్ట్‌ఈఎక్స్_రిసీవ్‌టుఐడిల్_డీఎంఏ ఫంక్షన్‌ను బఫర్, 256 అనే విలువలతో ఒక్కసారి పిలవండి. సర్క్యులర్ మోడ్‌లో దీన్ని మళ్లీ మళ్లీ పిలవనక్కరలేదు. తిరిగి వచ్చే విలువ ఓకే అవునో కాదో తప్పక చూడండి.

డీఎంఏ ఛానల్‌లోని లెక్కింపు రిజిస్టర్ ఇంకా ఎన్ని బైట్ల చోటు మిగిలిందో చెబుతుంది; ఒక్కో బైటు వచ్చినప్పుడల్లా ఒకటి తగ్గి, సున్నా కాగానే తిరిగి 256 అవుతుంది. డీబగ్గర్‌లో ఆ విలువ చూస్తూ టెర్మినల్ నుంచి మొదటి సందేశాన్ని పంపండి. 256 కాస్తా 245 కావాలి. 247 అయితే మీ టెర్మినల్ ముగింపు బైట్లు పంపడం లేదు, 246 అయితే రెండింటిలో ఒకటే పంపుతోంది. టెర్మినల్ అమరిక మార్చండి. విలువ అసలు కదలకపోతే 1, 2 అంచెలకు తిరిగి వెళ్లండి. అదే సందేశాన్ని మొత్తం 24 సార్లు పంపితే 264 బైట్లు అవుతాయి కాబట్టి బఫర్ ఒక చుట్టు తిరిగి విలువ 248 దగ్గర ఆగాలి. మొదటి సందేశం తరువాత 245 దగ్గరే కదలకుండా ఉండిపోయినా, సున్నా దగ్గర ఆగిపోయినా మీరు సర్క్యులర్‌కు బదులు నార్మల్ మోడ్‌లో ఉండి ఉండవచ్చు.

డీబగ్గర్ విషయంలో రెండు జాగ్రత్తలు. సీరియల్ పోర్టు రిజిస్టర్ల కిటికీని తెరిచి ఉంచవద్దు. ఈ చిప్‌లో స్థితి రిజిస్టర్‌ను, దాని తరువాత డేటా రిజిస్టర్‌ను చదివితే కొన్ని సంకేతాలు చెరిగిపోతాయి, ఆ చదవడాన్ని మీకు తెలియకుండా డీబగ్గరే చేసేస్తుంది. రెండోది, బ్రేక్‌పాయింట్ దగ్గర ప్రాసెసర్ ఆగినా డీఎంఏ బైట్లు తెస్తూనే ఉంటుంది. ఆగిన చోట కాఫీ తాగి వచ్చి మళ్లీ నడిపితే బఫర్‌లో ఉన్నది మీరు ఆగినప్పటి సరుకు కాదు.

5. బఫర్ నుంచి ఒక్కో బైటు తీసుకోండి

ప్రధాన లూప్‌లో నడవాల్సింది ఇంతే ('మిగిలినవి' అంటే లెక్కింపు రిజిస్టర్ విలువ, 'పాత' మొదట 0):

కొత్త = 256 − మిగిలినవి
కొత్త 256 అయితే, కొత్త = 0
పాత, కొత్త సమానం కానంత వరకు:
  బఫర్[పాత] లోని బైటును సందేశ పరిశీలకుడికి ఇవ్వు
  పాత = పాత + 1
  పాత 256 అయితే, పాత = 0

బఫర్ చివర కొంత, మొదట కొంత ఉన్న సందేశాన్ని రెండు ముక్కలుగా కాపీ చేసి అతికించే ప్రోగ్రామ్‌లు చాలా కనిపిస్తాయి. ఆ అతికింపులో ఒక బైటు ఎక్కువో తక్కువో కావడం అతి సాధారణమైన తప్పు. ఈ వేగాల దగ్గర, 72 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద, ఆ కాపీ వల్ల ఆదా అయ్యేది ఏమీ లేదు. ఒక్కో బైటు చొప్పున తీసుకుంటే చుట్టు తిరిగే చోటు ప్రత్యేకమైన సందర్భమే కాదు. కొలిచి చూసి అవసరమని తేలేంత వరకు రెండు ముక్కల పద్ధతికి పోవద్దనే నా సలహా.

ఈ భాగాన్ని ప్రధాన లూప్ నుంచి మాత్రమే పిలవండి. ఇంటరప్ట్ నుంచీ లూప్ నుంచీ రెండు చోట్లా పిలిస్తే ఒకే బైటును ఇద్దరూ తీసుకునే ప్రమాదం ఉంది. రోజుల తరబడి రాకుండా ఒక్కసారి వచ్చి పోయే లోపాలు ఇలాంటి చోట్లే పుడతాయి.

6. సందేశ పరిశీలకుడిని రాయండి

పరిశీలకుడు ఒక్కో బైటును తీసుకుని తన స్థితిని మార్చుకునే చిన్న ఫంక్షన్. $ కనిపిస్తే, ఏ స్థితిలో ఉన్నా సరే, పాతదంతా వదిలేసి కొత్త సందేశం మొదలుపెట్టాలి. * వచ్చేదాకా బైట్లను దాచుకుంటూ ఎక్స్‌ఆర్ చేస్తూ పోవాలి. ఆ తరువాతి రెండక్షరాలను చెక్‌సంగా మార్చుకుని, 10 వచ్చినప్పుడు పోల్చి, సరిపోతేనే బరువును పైకి ఇవ్వాలి. మీరు కేటాయించిన చోటు కంటే పొడవు పెరిగితే సందేశాన్ని వదిలేసి మళ్లీ $ కోసం ఎదురుచూడాలి. ఈ చివరి పరీక్ష లేని ప్రోగ్రామ్, ఒక్క * గుర్తు పోయినా పక్క మెమరీలోకి రాసుకుంటూ పోతుంది.

బోర్డుకు కరెంటు వచ్చేసరికి కాంటా సందేశం సగంలో ఉండవచ్చు. $ కోసం ఎదురుచూసే పరిశీలకుడు ఆ సగాన్ని తనంతట తానే వదిలేస్తాడు, దానికి విడిగా ఏమీ రాయనక్కరలేదు.

ఎక్స్‌ఆర్ చెక్‌సం గురించి ఒక మాట. అందులో బైట్ల వరుసకు లెక్క లేదు: 48.65కూ 46.85కూ చెక్‌సం 21 మాత్రమే. రైతుకు చెల్లించే డబ్బు ఆ అంకె మీద ఆధారపడి ఉన్నప్పుడు, రెండు వైపులా ప్రోగ్రామ్ మీ చేతిలోనే ఉంటే, బైట్ల వరుసను కూడా లెక్కలోకి తీసుకునే సీఆర్‌సీ-16 వాడండి. కాంటా తయారీదారు ఇచ్చిన అమరికను మార్చలేనప్పుడు, వరుసగా వచ్చిన కొన్ని సందేశాల్లో ఒకే బరువు ఉంటేనే దాన్ని తీసుకోండి.

7. ఇప్పుడు ఐడిల్ సంకేతాన్ని జోడించండి, అవసరమైతేనే

ప్రధాన లూప్ ఆగకుండా తిరుగుతుంటే 5వ అంచెతో పని పూర్తయినట్టే. ప్రాసెసర్‌ను నిద్రపుచ్చాలన్నా, ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లోని టాస్క్‌ను లేపాలన్నా హాల్_యూఆర్ట్‌ఈఎక్స్_ఆర్‌ఎక్స్‌ఈవెంట్ కాల్‌బ్యాక్ రాసి, అందులో ఒక వోలటైల్ జెండా ఎత్తండి లేదా టాస్క్‌కు కబురు పంపండి. కాల్‌బ్యాక్ అంటే ఒక సంఘటన జరగగానే లైబ్రరీ తానే పిలిచే మీ ఫంక్షన్. అంతకు మించి అక్కడ ఏమీ చేయవద్దు.

ఈ కాల్‌బ్యాక్ మూడు సందర్భాల్లో వస్తుంది: తీగ ఖాళీ అయినప్పుడు, బఫర్ సగం నిండినప్పుడు, పూర్తిగా నిండినప్పుడు. "సందేశం మధ్యలో కాల్‌బ్యాక్ ఎందుకు వచ్చింది?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే. మరో పెద్ద పొరపాటు, కాల్‌బ్యాక్‌లో వచ్చే సంఖ్యను కొత్తగా వచ్చిన బైట్ల సంఖ్య అనుకోవడం. సర్క్యులర్ మోడ్‌లో అది బఫర్‌లో డీఎంఏ చేరుకున్న స్థానం. $48.65*21 సందేశాన్నే రెండుసార్లు పంపితే మొదటిసారి 11 అనీ, రెండోసారి 22 అనీ వస్తుంది. ఒక్కసారి మాత్రమే పంపి పరీక్షించినవారికి తేడా తెలియదు.

8. లోపం వచ్చాక మళ్లీ మొదలయ్యేలా చూడండి

బోరు మోటారు స్టార్టర్ల పనిలో ఉన్నవారు ఈ అంచెను వదలకూడదు. కాంటాక్టర్ పడినప్పుడో లేచినప్పుడో తీగలో పుట్టే అలజడి వల్ల ఒక బైటు చెడి ఫ్రేమింగ్ లోపం, అంటే స్టాప్ బిట్ ఉండాల్సిన చోట కనబడని లోపం రావచ్చు. డీఎంఏతో అందుకుంటున్న సమయంలో ఇలాంటి లోపం వస్తే హాల్ లైబ్రరీ అందుకోవడాన్నే పూర్తిగా ఆపేసి, లోపాల కాల్‌బ్యాక్‌ను పిలిచి ఊరుకుంటుంది. ఆ కాల్‌బ్యాక్ మీరు రాయకపోతే బోర్డు ఆ క్షణం నుంచి చెవిటిదవుతుంది, రీసెట్ చేసేదాకా అలాగే ఉంటుంది. "మోటారు ఆన్ చేయగానే బోర్డు హ్యాంగ్ అవుతోంది" అనే ఫిర్యాదుకు కారణం అలజడే అయినా, బోర్డు కోలుకోకపోవడానికి కారణం ప్రోగ్రామే.

లోపాల కాల్‌బ్యాక్‌లో ఒక జెండా ఎత్తి, ఒక లెక్కను ఒకటి పెంచండి. ప్రధాన లూప్ ఆ జెండా చూసి 'పాత'ను సున్నా చేయాలి, పరిశీలకుడిని మొదటి స్థితికి తేవాలి, అందుకోవడాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. మళ్లీ మొదలైన డీఎంఏ బఫర్ మొదటి బైటు నుంచే రాస్తుంది. 'పాత'ను సున్నా చేయడం మరచిపోతే ఎప్పుడో వచ్చిన బైట్లన్నిటినీ మళ్లీ చదువుతారు. మొదలుపెట్టే ఫంక్షన్ ఓకే ఇవ్వకపోతే జెండాను దించకుండా తరువాతి చుట్టులో మళ్లీ ప్రయత్నించండి.

9. ఫలితాన్ని సరిచూడండి

సరైన సందేశాలు, చెక్‌సం తప్పినవి, లోపాల కాల్‌బ్యాక్‌లు అని మూడు లెక్కలు పెట్టుకుని ఈ పరీక్షలన్నీ చేయండి.

ముందుగా "$48." అని పంపి, కొంతసేపు ఆగి, "65*21"ను ముగింపు బైట్లతో పంపండి. ఒకే సందేశం, 48.65 రావాలి. ఐడిల్‌నే ముగింపుగా తీసుకున్న ప్రోగ్రామ్‌లు ఇక్కడే పట్టుబడతాయి. యూఎస్‌బీ అడాప్టర్లు బైట్లను చిన్న చిన్న కట్టలుగా పంపుతాయి కనుక ఇలాంటి ఖాళీ మీరు కావాలని సృష్టించకపోయినా రావచ్చు.

తరువాత మూడు సందేశాలనూ మధ్యలో ఖాళీ లేకుండా ఒకే ఫైలుగా పంపండి. మూడు బరువులూ విడివిడిగా రావాలి. ఆపైన చెక్‌సం 21ని 22గా మార్చి పంపితే బరువు రాకూడదు, రెండో లెక్క ఒకటి పెరగాలి.

చుట్టు తిరిగే చోటును గట్టిగా పరీక్షించడానికి బఫర్‌ను తాత్కాలికంగా 32 బైట్లకు తగ్గించండి. లూప్‌లోని 256 కూడా మారాలి, కాబట్టి ఆ సంఖ్యను మొదటే ఒక పేరుతో ఒకేచోట రాసుకోవడం మంచిది. లూప్‌లో మరే పనీ ఉంచకుండా మూడు పొడవుల సందేశాలను కలిపి వందల సంఖ్యలో పంపే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసుకోండి. పంపిన సంఖ్య, అందిన సంఖ్య సమానంగా ఉండాలి. ఒక్కటి తగ్గినా "దాదాపు సరిపోయింది" అని వదలవద్దు.

చివరగా, సందేశాలు వస్తుండగానే బాడ్ రేటును కంప్యూటర్ వైపు మార్చి, మళ్లీ 9600కు తెచ్చి చూడండి. లోపాల లెక్క పెరగాలి, ఆ తరువాత రీసెట్ లేకుండానే బరువులు రావడం మొదలుకావాలి.

ఇతర బోర్డులు వాడేవారికి

ఎస్‌టీఎం32ఎఫ్4లో ప్రాసెసర్‌కు మాత్రమే కలిసి ఉండే సీసీఎం ర్యామ్‌లో బఫర్ పెడితే డీఎంఏ దాన్ని చేరుకోలేదు. ఎస్‌టీఎం32హెచ్7లో కూడా ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే డీటీసీఎం మెమరీకి డీఎంఏ1, డీఎంఏ2 చేరుకోలేవు. అదీకాక డేటా క్యాష్ ఆన్‌లో ఉంటే డీఎంఏ రాసిన కొత్త బైట్లకు బదులు ప్రాసెసర్‌కు పాతవే కనబడతాయి. బఫర్‌ను 32 బైట్ల హద్దు మీద పెట్టి, చదివే ముందు ఆ భాగం క్యాష్‌ను చెల్లనిదిగా చేయండి, లేదా ఆ మెమరీకి క్యాష్ వర్తించకుండా ఎంపీయూలో (మెమరీ రక్షణ విభాగంలో) అమర్చండి. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీలో డీఎంఏ లేదు. అయినా 6వ అంచెలోని పరిశీలకుడు అక్కడ కూడా మార్పు లేకుండా పనిచేస్తాడు.

పరిశ్రమల్లోని మీటర్లు, కంట్రోలర్లు సందేశాలు పంపుకునే మాడ్‌బస్ ఆర్‌టీయూ పద్ధతి వాడేవారి సంగతి కొంచెం వేరు. అందులో మొదలు, ముగింపు గుర్తులు లేవు, 3.5 అక్షరాల ఖాళీయే సందేశానికి హద్దు. 9600 బాడ్ వద్ద, 11 బిట్ల అక్షరంతో అది సుమారు 4 మిల్లీసెకన్లు. 19200 దాటిన వేగాలకు 1.75 మిల్లీసెకన్లుగా స్థిరంగా తీసుకోవచ్చు. ఐడిల్ సంకేతం ఒక అక్షరం ఖాళీకే వచ్చేస్తుంది, ప్రమాణం మాత్రం సందేశం మధ్యలో 1.5 అక్షరాల వరకు ఖాళీని అనుమతిస్తుంది. కాబట్టి ఐడిల్ రాగానే ఒక టైమర్ మొదలుపెట్టి, అది ముగిసేలోపు లెక్కింపు రిజిస్టర్ కదలకపోతేనే సందేశం ముగిసినట్టు తీసుకుని, అప్పుడు సీఆర్‌సీ సరిచూడండి. టైమర్ విలువ నిర్ణయించేటప్పుడు ఐడిల్ సంకేతం రావడానికే ఒక అక్షరం సేపు గడిచిపోయిందన్నది గుర్తుంచుకుని, మిగిలిన సమయాన్నే (19200 వరకు అయితే 2.5 అక్షరాల సేపు) పెట్టండి.